పిడికెడు బియ్యం యాంప్లిఫైయర్

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో బియ్యం బస్తా ముందు కూర్చున్నప్పుడు తప్ప నాగమణికి ఎవరూ భయపడరు. వారమంతా ఆమె అంగన్‌వాడీ టీచరు. అక్కడ మూడేళ్ల పిల్లలు కూడా ఆమె మాట లెక్కచేయరు. ఆ బస్తా దగ్గర మాత్రం ఆమె మాటకు తిరుగులేదు.

గరిడేపల్లికి కాస్త ఇవతల ఉన్న ఆ ఊళ్లో, క్రైస్తవుల ఇళ్లలోని ఆడవాళ్లు అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుడి పేరు చెప్పి పక్కన డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ ఒకే బస్తాలో ఖాళీ అవుతాయి. సన్నాలు, దొడ్డు బియ్యం, నూకలు అన్నీ కలిసిపోతాయి. బస్తా నిండాక టిఫిన్ సెంటర్ల వాళ్లు దోసెల పిండికని కొనుక్కుపోతారు. కొనేవాడు పైనున్న గింజలు చూసి ధర చెప్పబోతే నాగమణి ఒప్పుకోదు. మోచేతి దాకా చెయ్యి బస్తాలోకి దించి, అడుగు నుంచి గుప్పెడు తీసి వాడి అరచేతిలో పోసి, "గిది సూసి చెప్పు" అంటుంది. ధర తగ్గినా ఫర్వాలేదు, అడుగున ఏముందో దానికే ధర. తను ఏదైనా కొనేటప్పుడూ అంతే. ఆమె చెయ్యి పెట్టి చూస్తుందని తెలిసి కూరగాయల బండివాడు ఆమె వీధిలోకి వచ్చేముందే పుచ్చు వంకాయలు ఏరి పారేస్తాడు.

ఆ పైసలు ఆడవాళ్లవి. కాన్పుకు వెళ్లేవాళ్ల ఆటో కిరాయి, పెంటమ్మ అవ్వ కంటి ఆపరేషనుకు దవాఖానలో అయిన ఖర్చు, మొగుడు కూలి డబ్బంతా తాగేసిన ఇంట్లోకి ఉప్పూ పప్పూ, ఇవన్నీ ఆ బియ్యంలోంచే వెళతాయి. ఎవరికి ఎంత ఇచ్చారో బయటికి రాదు. మగవాళ్ల కమిటీకి ఇది ఎప్పటినుంచో కంట్లో నలుసు.

అసలు గొడవ యాంప్లిఫైయర్ దగ్గర మొదలైంది. కిందటేడు సంఘం పెద్ద అచ్చయ్య ఎక్కడో బేరమాడి ఒకటి తెచ్చాడు. ఆన్ చేసిన క్షణం నుంచి గుయ్యిమనేది. ప్రసంగమైనా పాటైనా ఆ మోతలోంచే రావాలి. ఆడవాళ్లు దానికి 'అచ్చయ్య తుమ్మెద' అని పేరు పెట్టారు. వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చునే పెంటమ్మ అవ్వకు పాస్టరు అయ్యగారి మాట ఒక్కటీ అందేది కాదు. ఆరాధన మధ్యలో "ఏమన్నడు? ఏమన్నడు?" అని పక్కవాళ్లను పొడుస్తూ ఉండేది. ఆఖరికి ఒక ఆదివారం కళ్లు మూసుకుని అందరూ ప్రార్థనలో ఉండగా తుమ్మెద పొగ వదిలి చచ్చిపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో నవ్వారు. నాగమణే నవ్విందని అచ్చయ్య నమ్మకం. ఆ నమ్మకం నిజమే.

కమిటీలో డబ్బు లేదు, బియ్యం పైసలతో కొనాలన్నాడు అచ్చయ్య. అయితే మేమే వెళ్లి కొంటామంది నాగమణి.

"కొనుండ్రి. ఎవరొద్దన్నరు?" అన్నాడు అచ్చయ్య. "కానీ మీరు గిట్ల మోసపోయి వస్తే, ఇగ బియ్యం పైసలు కమిటీ డబ్బాలనే పడాలె. అందరి ముంగట చెప్తున్న."

"సరే పెద్దయ్యా, పడనియ్యి" అనేసింది నాగమణి.

కోపంలో అన్న మాట. యాంప్లిఫైయర్ గురించి ఆమెకు తెలిసిందల్లా, అది నల్లగా, బరువుగా ఉంటుందని. కొత్తది కొనేంత డబ్బు లేదు. పాతది కొనాలి. పాతదాని ధర అమ్మేవాడి నోట్లో ఉంటుంది. పైగా ఆమెకు బేరమాడే అలవాటు అసలే లేదు. చెయ్యి పెట్టి చూడటమే ఆమె బేరం, ఆ తర్వాత నోరు పెగలదు. ఆమె నోరు గట్టిగా లేచేది ఏడాదికొక్కసారే, కోత పండుగ వేలంలో. పొలాల్లో మొదట పండినవన్నీ చర్చికి తెచ్చి వేలం వేస్తారు. అక్కడ ఎవరూ ధర దించరు, పైపైకి ఎక్కిస్తారు. అన్న మాట వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. నాగమణీ అచ్చయ్యా పోటీపడ్డారంటే ఒక్క సొరకాయ కూడా మేకపిల్ల ధర పలుకుతుంది. పోయినసారి ఆమె మూడు కోడిగుడ్లు కొన్న ధర విని మొగుడు మత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు.

కోత పండుగ వచ్చే ఆదివారమే. ఆలోపు పెట్టె రావాలి.

తోడుగా మరిది డేవిడ్‌ను వెంటబెట్టుకుంది. గరిడేపల్లిలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టిన డేవిడ్ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. సౌండ్ గురించి తనకు తెలియనిది లేదని అతని ఉద్దేశం. "మైకు సెట్టు డబ్బా వద్దు వదినా. మంచి హైఫై స్టీరియో కావాలె. పాతకాలం మాల్, ఇంట్ల పాటలు వినేటందుకు చేసింది. మన హాలుకు గదే సూటు" అన్నాడు. హైఫై అంటే ఏమిటని నాగమణి అడిగితే, ఉన్న గొంతును ఉన్నట్టు వినిపించేదన్నాడు. ఆ సంగతి ఆమెకు నచ్చింది.

ముందు సూర్యాపేట వెళ్లారు. పాత పెట్టెలు బాగుచేసే ఎల్లయ్య దుకాణం నిండా విప్పిన డబ్బాలు, చుట్టలు చుట్టిన వైర్లు. ఎల్లయ్య సొంత డబ్బా కొట్టుకోవటం మొదలుపెడితే టంకం వేసే కడ్డీ చల్లారిపోయేదాకా ఆపడు. ఈ జిల్లాలో తన చెవిలాంటి చెవి లేదని ఒకసారి, హైదరాబాదులోనూ లేదని ఇంకోసారి చెప్పాడు. కానీ మధ్యలో ఒక పనికొచ్చే మాట అన్నాడు.

"ధర ఎట్ల కట్టాలెనంటవా అక్కా? గదే పెట్టె ఏ లోపం లేకుంటే బజార్ల ఎంతకు పోతదో ముందుగాల తెలుసుకో. దాంట్లకెల్లి బాగుచేయించే ఖర్చు తీసెయ్. మిగిలిందే ధర. మీరు అడిగే మోడలు సక్కగుంటే పదిహేను వేలు. గంతకు మించి పెడితే నలుగురు నవ్వుతరు."

"మరి గా మూలకున్నది ఎంత?" అని అడిగింది నాగమణి. అచ్చం అదే మోడలు, తుడిచి పెట్టి ఉంది.

"గదా? పద్దెనిమిది."

"పదిహేనంటివి గదా!"

"గది నాది గదక్కా. నా చెయ్యి పడ్డది" అన్నాడు ఎల్లయ్య, ఏమాత్రం తడుముకోకుండా.

నాగమణికి నవ్వాగలేదు. అతను చెప్పిన లెక్క తీసుకుని, పెట్టెను అక్కడే వదిలేసి వచ్చింది. బస్సెక్కాక మొదటిసారి కాస్త ధైర్యం వచ్చింది. మంచి ధర ఎంతో తెలిసింది, అందులోంచి తీసేయటం ఒక్కటే మిగిలింది. తీసేయాలంటే అడుగున ఏముందో చూడాలి. అది ఆమెకు చేతనైన పనే.

మర్నాడు మిర్యాలగూడ. రైసు మిల్లుల మీదుగా వస్తుంటే బస్సులోకి కొట్టిన వాసనకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. దుకాణం మాత్రం అద్దాలూ రంగు దీపాలూ పెట్టి పెళ్లి మండపంలా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న యజమాని పెట్టె మీట నొక్కగానే గుండెలు అదిరేంత మోత. డేవిడ్ కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు.

"పదమూడు వేలు మేడం. మీరు చర్చోళ్లని చెప్పిండ్రు కాబట్టి పదకొండు" అన్నాడు యజమాని. నాగమణి ఇంకా నోరు తెరవలేదు. ఆమె తెరవకముందే అది తొమ్మిదైంది.

అంత తొందరగా దిగే ధర ఆమెకు నచ్చలేదు. "సౌండు మొత్తం తగ్గించు తమ్మీ" అంది.

"తగ్గించి ఏం వింటరు మేడం? పెంచి వినాలె గానీ."

"పైపై గింజలు నువ్వు సూపిచ్చినవ్ గదా. అడుగున ఏమున్నదో నేను సూస్త."

యజమానికి అర్థం కాలేదు గానీ గుండీ సున్నాకు తిప్పాడు. నాగమణి వంగి స్పీకరుకు చెవి ఆనించింది. సన్నగా, కానీ ఖాయంగా, గుయ్యిమంటోంది. ఆ మోత ఆమెకు బాగా తెలుసు, ఏడాదిపాటు దాని కిందే పాటలు పాడింది. ఇంటి పేరు వేరైనా ఇదీ తుమ్మెదే.

మూత తీయమంది. తీస్తే సీలు పోతుందన్నాడు యజమాని. మూత మీది స్క్రూల తలలు ఎన్నిసార్లు విప్పారో అరిగి మెరుస్తున్నాయి. ఆమె వాటి మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా అతని వైపు చూసింది. స్క్రూడ్రైవర్ వచ్చింది.

లోపల ఒక పక్క, సౌండు పెంచేవి ఇవేనని డేవిడ్ చూపించిన పెద్ద ట్రాన్సిస్టర్లు రెండూ ఒకే రకం, పాతవి. ఇంకో పక్కవి వేరే రకం, కొత్తవి, ఒకదానికొకటి పోలిక లేదు. సన్నాల్లో దొడ్డు బియ్యం కలిపినట్టు ఉంది. డేవిడ్ ఫోను లైటు వేసి చూసి, గొంతు తగ్గించి, "వదినా, ఫ్యూజు జాగల రాగితీగ చుట్టిండ్రు. మంటొచ్చినా ఆగదు" అన్నాడు.

"ఏడు ఇయ్యుండ్రి, ఖతం" అన్నాడు యజమాని.

ఏడు వేలు! ఒక్క క్షణం నాగమణి చెయ్యి సంచీ జిప్పు మీదికి వెళ్లింది. డబ్బు బోలెడు మిగులుతుంది. పండుగకు పెట్టె ఉంటుంది. పొగ వచ్చినా పండుగ అయ్యాకే రావచ్చు. తర్వాత పెంటమ్మ అవ్వ గుర్తొచ్చింది. అవ్వ ఒక్కత్తే వండుకుంటుంది, ఒక్క మనిషికి సరిపడా. అందులోంచి కూడా పిడికెడు తీస్తుంది. నాగమణి జిప్పు మీంచి చెయ్యి తీసేసి, "వస్తం తమ్మీ" అని బయటికి నడిచింది.

బయట డేవిడ్ మొహం మాడ్చుకున్నాడు. "ఏడుకు ఎవరిస్తరు వదినా? ఇంకో ఐదు పెట్టి బాగుచేయిస్తే అయిపోతుండె."

"బాగుచేయిస్తే ఏడుండదు గదా. గా తీగ సుట్టినోడు లోపల ఇంకేం సుట్టిండో ఎవరికెరుక?"

అలా అన్నదే గానీ లోపల ఆమెకు పీకుతూనే ఉంది. పండుగ దగ్గరికొచ్చింది. మంచిదాన్ని వదులుకున్నానేమో, అడుగు చూసే పిచ్చిలో చేతికందినది పారేసుకున్నానేమో అని ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

కోదాడలో అదే మోడలు పెట్టె ఒకటి అమ్మకానికి ఉందని డేవిడ్‌కు వాట్సాప్‌లో తెలిసింది. అమ్మే ఆమె పేరు సరోజ. ఒకప్పుడు కోదాడలో పాటల రికార్డింగ్ సెంటర్ నడిపింది. జనం తమకు కావలసిన పాటలు చెప్పి ఖాళీ క్యాసెట్ ఇచ్చిపోతే, సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేది. ఆ క్యాసెట్ల కాలం పోయింది, సెంటర్ మూసేసింది, యాంప్లిఫైయర్ ఇంట్లో మిగిలింది. జుట్టు నెరిసినా మనిషి చురుగ్గా ఉంది. చూపు నేరుగా మొహంలోకి చూస్తుంది.

"రండమ్మా, కూర్చోండి. చూసుకోండి, తొందరేం లేదు" అంటూ గుడ్డ తీసింది.

డేవిడ్ ఉసూరుమన్నాడు. రంగు వెలిసిన పెట్టె. ముందు ఒక గుండీ లేదు, ఉత్త పుల్ల పొడుచుకొచ్చి ఉంది. దీపాలు లేవు. మిర్యాలగూడ పెట్టె పక్కన పెడితే పనిమనిషిలా ఉంటుంది.

"ఆన్ చేసి, సౌండు మొత్తం తగ్గించుండ్రి" అంది నాగమణి.

సరోజ ఒక్కసారి ఆమె మొహంలోకి చూసి, ఏమీ అడగకుండా తిప్పింది. నాగమణి స్పీకరుకు చెవి ఆనించింది. ఏమీ లేదు. రెండో స్పీకరు దగ్గరికి వెళ్లింది. ఏమీ లేదు. ఎక్కడో వీధిలో పిల్లలు అరుస్తున్నారు, అంతే.

"ఆన్ చెయ్యనట్టుంది" అంది.

"ఆన్‌లోనే ఉందండీ" అంది సరోజ.

నాగమణి నమ్మలేదు. గుండీ కాస్త తిప్పించింది. స్పీకరులో గరగరమని చప్పుడై, ఎడమ వైపు ఒక్క క్షణం పోయి వచ్చింది. అడగకముందే సరోజ చెప్పేసింది: "ఆ గుండీ లోపల మురికి పట్టిందమ్మా. శుభ్రం చేయిస్తే పోతుంది. అన్నేళ్ల పెట్టె, లోపల ఎండిపోయే సామాన్లు కొన్ని ఉంటాయి, అవి కూడా మార్పించుకోవాలి. లేనిపోనివి చెప్పి అమ్మటం నాకు రాదు."

మూత తీశారు. స్క్రూలకు గీత పడలేదు. లోపల దుమ్ము అంతటా ఒకే తీరున, ఎవరి వేలూ పడకుండా పరుచుకుని ఉంది. రెండు పక్కలా ట్రాన్సిస్టర్లు ఒకే ఈతవి. ఫ్యూజు జాగాలో ఫ్యూజే ఉంది. టీ తాగే దాకా పెట్టెను వాగనిచ్చి, పిల్లలకు జ్వరం చూసినట్టు నాగమణి చేతి వెనక భాగంతో మూత రెండు పక్కలా తాకింది. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. డేవిడ్ తన ఫోనులోంచి, మైకు లేకుండా రికార్డు చేసిన వాళ్ల చర్చి ఆడవాళ్ల పాట పెట్టాడు. రెండో చరణంలో ఎవరో శృతి తప్పారు. ఎవరా అని చెవి రిక్కించి విని, అది తన గొంతేనని నాగమణి పోల్చుకుంది. ఏడాదిగా పాడుతున్నా ఎవరికీ తెలియని సంగతి అది. తుమ్మెద దయ.

ఇదే పెట్టె. ఇంకో పెట్టె చూసే పని లేదు. ఆమెకు సంతోషంతో గుండె కొట్టుకోవటం మొదలైంది. సరిగ్గా అక్కడే కొంప మునిగింది.

డేవిడ్ దారి పొడవునా నేర్చుకున్న బేరం మొదలుపెట్టాడు. కాళ్లు చాపుకుని కూర్చుని, పెట్టె వైపు చూడకుండా, "పది వేలు" అన్నాడు.

"పదకొండు!" అంది నాగమణి.

డేవిడ్ నోరెళ్లబెట్టాడు. సరోజ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అది కాదండీ, నేను పద్నాలుగు అనుకున్నాను" అంది.

"పదిహేను!" అంది నాగమణి, చెయ్యి పైకెత్తి.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. యాంప్లిఫైయర్ కూడా కిక్కురుమనలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండగా నాగమణికి తను చేసిన పని తెలిసొచ్చింది. వేలంలో నచ్చిన వస్తువు కనబడగానే లేచే నోరు, ఇక్కడా లేచింది. సొంత మరిది పాట మీద ఒక వెయ్యి పెంచింది, అమ్మేదాని పాట మీద ఇంకో వెయ్యి పెంచింది. వరండాలో డబ్బాలు పట్టుకుని నిలబడే ఆడవాళ్లంతా కళ్లముందు కనిపించారు. వాళ్లందరి బియ్యం ఒక్క కేకలో పారబోసింది.

"వదినా! ఇది చర్చి వేలం గాదు!" డేవిడ్ తల పట్టుకున్నాడు. "అమ్మా, ఆమె మాట పట్టించుకోకుండ్రి. ఉత్తగనే అన్నది."

"ఉత్తగ అనలే" అంది నాగమణి, ఎత్తిన చెయ్యి దించుతూ. "అన్న గదా. అన్నదే. పదిహేను."

"ఏంటమ్మా ఇది? ఏం వేలం?" అంది సరోజ.

డేవిడ్ చెప్పుకొచ్చాడు. కోత పండుగ, సొరకాయ, కోడిగుడ్లు, వదిన నోరు, పిడికెడు బియ్యం, తుమ్మెద, అచ్చయ్య పెట్టిన షరతు, అన్నీ చెప్పాడు. కోడిగుడ్ల దగ్గరికొచ్చేసరికి సరోజ నవ్వలేక కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. తర్వాత పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఇప్పటిదాకా చాలామంది వచ్చారమ్మా. ఎత్తి చూశారు, లోపల రాగి ఎంతుందో అని. పగలగొట్టి అమ్ముకోవటానికి. ఇంకొందరు ఇల్లు అదిరేలా పెంచి విన్నారు. తగ్గించి విన్నది మీరొక్కరే. నేను సెంటర్లో ఎప్పుడూ అలాగే చూసుకునేదాన్ని. కింద మోత ఉంటే క్యాసెట్ పాడైపోతుంది." నాగమణి వైపు తిరిగింది. "మీ మాట మీరు తప్పొద్దు. కానీ వేలంలో అమ్మేవాళ్లు ఒప్పుకోవాలా, వద్దా?"

"ఒప్పుకోవాలె" అంది నాగమణి.

"నేను ఒప్పుకోను. మీరు లాగుతారు కదా అని పద్నాలుగు చెప్పాను. లాగేవాళ్లయితే తంటా లేకపోయేది. ఇప్పుడు నేనే దిగాలి. నేను దిగుతుంటే మధ్యలో మళ్లీ పెంచారంటే మాత్రం ఇక్కడినుంచి పంపించేస్తా."

నాగమణి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

"పద్నాలుగు" అంది సరోజ, వేళ్లు మడుస్తూ. నాగమణి కొంగు గట్టిగా కరిచిపట్టింది. "పదమూడున్నర, ఆ గుండీ లేనందుకు. పదమూడు, మురికి శుభ్రానికి. ఎండిపోయే సామాన్లకి ఇంకో వెయ్యి. పన్నెండు. అంతే, ఇక దిగను. ధర్మం చేస్తున్నానని అనుకోవద్దు, నాకు రావలసింది ఇదే."

నాగమణి మనసులో ఎల్లయ్య లెక్క వేసి చూసుకుంది. లోపం లేకుంటే పదిహేను, సామాన్లతో పాటు బాగుచేసేవాడి కూలి కూడా పోతే దాదాపు పన్నెండే. దయ కాదు, సరైన ధర. కొంగు నోట్లోంచి తీసి గట్టిగా ఊపిరి వదిలింది. సంచీ జిప్పు ఈసారి తనంతట తానే తెరుచుకున్నట్టయింది. వెళ్లేటప్పుడు పెట్టె కప్పిన గుడ్డ కూడా సరోజ వాళ్లకే ఇచ్చింది.

పండుగనాడు చర్చి నిండా వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. శుభ్రం చేయించిన పెట్టె బల్ల మీద ఉంది. అచ్చయ్య ముందు వరుసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. డేవిడ్ మీట నొక్కాడు.

ఏమీ వినపడలేదు. ఏడాదిగా ఆ హాల్లో మీట నొక్కితే తుమ్మెద లేవాలి, లేస్తేనే కరెంటు వచ్చిందని లెక్క. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అచ్చయ్య లేచి వెళ్లి గోడమీద స్విచ్చి చూసి, వైరు లాగి చూసి, "పని చేస్తలేదు" అన్నాడు. "నేను ముందే చెప్పిన గదా."

అది నిశ్శబ్దమని, అదే దాని మంచితనమని నాగమణికి తెలుసు. అయినా అంతమంది చూపులు మీద పడేసరికి గుండె జారిపోయింది. దారిలో కుదుపులకు ఏదైనా ఊడిందేమో?

అప్పుడు మైకు దగ్గర నిలబడ్డ అయ్యగారు, ఏం చేయాలో తోచక, నెమ్మదిగా గొంతు సవరించుకున్నారు.

"అయ్యగారికి దగ్గు పట్టినట్టుంది" అంది వెనక గోడ దగ్గర్నుంచి పెంటమ్మ అవ్వ. "ఎవరన్న జర గోలి ఇయ్యుండ్రి."

హాలంతా వెనక్కి తిరిగింది. ఏడాదిపాటు ప్రసంగాలు కూడా వినపడని మనిషికి దగ్గు వినపడింది! "ఏంది, గట్ల సూస్తున్నరు?" అంది అవ్వ. "నాకు మంచిగనే వినొస్తుంది." నాగమణికి కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

అచ్చయ్య బల్ల దగ్గరే నిలబడిపోయాడు. పెట్టె మీద చెయ్యి వేశాడు, స్పీకరుకు చెవి ఆనించాడు, మళ్లీ చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేసిన తీరు నాగమణికి తెలుసు. వేలంలో సొరకాయ నచ్చినప్పుడు అతను అలాగే తడుముతాడు.

"ఎంతకు తెచ్చినవ్?" అన్నాడు, పెట్టె మీంచి కళ్లు తీయకుండా.

"పన్నెండు" అంది నాగమణి.

"పదమూడు!" అన్నాడు అచ్చయ్య.

మాట బయటికి వచ్చాక గానీ అతనికి తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. ముందు డేవిడ్ నవ్వాడు, తర్వాత ఆడవాళ్ల వైపు, తర్వాత మగవాళ్ల వైపు కూడా పగలబడి నవ్వారు. అయ్యగారు నవ్వు ఆపుకుంటూ, "పదమూడు, ఒకటోసారి" అన్నారు మైకులో. నాగమణి చటుక్కున చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండోసారీ అయింది, మూడోసారీ అయింది. ఎవరూ పెంచలేదు. అచ్చయ్య నుదురు తుడుచుకున్నాడు. "అన్న గదా" అన్నాడు చివరికి. "అన్నదే. వడ్లు అమ్మిన పైసలు ఇంట్ల ఉన్నయి, తెస్త. పెట్టె నాది. నాది నేను చర్చికి ఇస్తున్న. పైసలు మీ బియ్యం సంచీల ఏసుకోండ్రి."

ఆరాధన అయ్యాక బస్తా ఎప్పటిలాగే వరండాలో, ఉన్నచోటే ఉంది. ఆడవాళ్లు డబ్బాలు వంచి పోసి వెళ్లారు. పెంటమ్మ అవ్వ కూడా తన చిన్న డబ్బా దులిపి వెళ్లింది. నాగమణి బస్తా ముందు కూర్చుని, మోచేతి దాకా చెయ్యి బియ్యంలోకి దించి, పైకి తీయకుండా చాలాసేపు అలాగే ఉంచుకుంది.